మిత్తి పట్టీనే అన్నిటికన్న పొడుగు

పోయిన వారం మా బాపు ఎవుసం ఖర్చు లెక్క కంప్యూటర్ల ఎక్కించిన. పైథాన్‌ల రెండు లిస్టులు పెట్టిన. ఒకదాంట్ల పేర్లు: ఇత్తనాలు, మందులు, కైకిళ్లు, ట్రాక్టర్, మిత్తి. ఇంకోదాంట్ల పైసలు. మ్యాట్‌ప్లాట్‌లిబ్‌ల బార్ అని ఒక్క లైన్ కొట్టంగనే ఐదు పట్టీలు లేచి నిలవడ్డయి. మిత్తి పట్టీనే అన్నిటికన్న పొడుగు. చదువురాని మా బాపు సుత ఒక్క చూపుల పట్టిండు.

గీ పట్టీల బొమ్మ ఎవలు తెచ్చిండ్రో ఎరుకేనా తమ్ములూ, చెల్లెండ్లూ? విలియం ప్లేఫెయిర్. 1759ల స్కాట్లాండ్‌ల, డండీ పక్కన లిఫ్ అనే ఊర్లె పుట్టిండు. తండ్రి చర్చిల పాస్టర్. పిలగానికి 12 ఏండ్లున్నప్పుడే తండ్రి చనిపోయిండు. లెక్కల పండితుడైన అన్న జాన్ సాదిండు. రోజూ ఎండ, సలి కొలిచి బొమ్మ గీసుడు నేర్పింది గా అన్ననే. 1777ల బర్మింగ్‌హామ్ పోయి, ఆవిరి ఇంజన్ల జేమ్స్ వాట్ దగ్గర నక్షలు గీసే పనికి కుదిరిండు.

1786ల లండన్‌ల వ్యాపార లెక్కల పుస్తకం ఒకటి అచ్చేసిండు. దాంట్ల 44 బొమ్మలు. 43 బొమ్మలల్ల ఏండ్ల ఎంబడి పోయే గీతలే. స్కాట్లాండ్ కాడికొచ్చేసరికి చిక్కొచ్చింది. 1780-81, గా ఒక్క ఏడాది లెక్కనే చేతికందింది. ఒక్క ఏడాదితోని గీత ఎట్ల సాగుతది? అందుకే ఐర్లాండ్, రష్యా, హాలండ్ అనుకుంట 17 జాగల పేర్లు వరుసగ రాసి, దిగుమతికొకటి, ఎగుమతికొకటి పట్టీలు అడ్డంగ పండబెట్టిండు. ఏండ్ల లెక్క లేకున్నా పేరుకు పేరును పోల్చి చూడొచ్చని అట్ల తేలింది. ఆయనకే అది అంతగ నచ్చలే, గీతలకన్న తక్కువదనుకున్నడు. ఇయ్యాల దునియా అంత దాన్నే వాడుతున్నది.

1801ల గుండ్రటి పై చార్ట్ తెచ్చింది సుత ఆయననే. గంత చేసినా చేతుల పైసలు నిలవలే. అప్పుల పాలై జైలుకు పోయిండు. 1823ల లండన్‌ల పేదోడిగనే కన్నుమూసిండు.

నాకు సమజైంది గిదే. పదేండ్ల రికార్డు లేదని ఆగకుండ్రి. ఒక్క పంట ఖర్చు రాసినా సాలు, మన ఇంటి పైసలు ఎటు పోతున్నయో కండ్లకు కనవడ్తది. పట్టీలు మాత్రం సున్నా కాడికెల్లే షురూ చేయుండ్రి. నడుమకెల్లి స్కేలు మొదలువెడితే చిన్న తేడా కొండంత కనవడ్తది, అది అబద్ధం చెప్పినట్టే.

మా బాపు గా బొమ్మ ప్రింట్ తీయించుకున్నడు. మడిచి జేబుల పెట్టుకొని, మిత్తి తగ్గించుమని అడుగనీకి అప్పిచ్చినాయన ఇంటికి పోయిండు. నోటిలెక్క చెప్పినన్ని రోజులు ఎన్నడు అట్ల పోలే.