రాతి పొరలు చదివిన ధన్యుడు

తిరుమల ఘాట్ రోడ్డులో కొండను తొలిచిన చోట, అడుగున గ్రానైటు, దానిమీద పొరలు పొరలుగా పేర్చినట్టు నగరి క్వార్ట్‌జైటు కనబడుతుంది. రెంటికీ మధ్యనున్న గీత దగ్గర సుమారు 80 కోట్ల సంవత్సరాల చరిత్ర లోపించిందని భూగర్భ శాస్త్రజ్ఞులు చెబుతారు. ఇలా రాతిపొరలను చదివే పద్ధతికి పునాది వేసిన వ్యక్తి తరువాత కతోలిక మేత్రాణి అయ్యారని మన విశ్వాసులలో ఎందరికి తెలుసు?

నికోలాస్ స్టెనో 1638లో డెన్మార్కులోని కోపెన్‌హాగెన్‌లో, కంసాలి ఇంట, లూథరన్‌గా జన్మించారు. వైద్యం చదివి ఇటలీ చేరారు. 1666లో లివోర్నో తీరాన జాలరులకు పెద్ద సొరచేప చిక్కింది. టస్కనీ ప్రభువు దాని తలను పరిశీలనకై స్టెనోకు పంపించారు. దాని పళ్లు అచ్చం కొండల్లో దొరికే నాలుకరాళ్ల లాగే ఉన్నాయి! పునీత పౌలుగారు మాల్టాలో పాముల నాలుకలను రాళ్లు చేశారని జనం నమ్మేవారు. భక్తితో నమ్మినా పొరపాటు పొరపాటే. అవి పూర్వపు సొరచేపల పళ్లేనని, అవి దొరికిన నేల ఒకప్పుడు సముద్రం కింద ఉండేదని స్టెనో వాదించారు.

1669లో ఒక చిన్న గ్రంథం ప్రకటించారు. అడుగు పొర ముందుది, పై పొర తరువాతది. పొరలు మొదట బల్లపరుపుగానే ఏర్పడతాయి. వాలి ఉంటే తరువాత ఏదో కదిలించిందన్నమాట. దీనినిబట్టి టస్కనీ రెండుసార్లు నీట మునిగి, రెండుసార్లు మైదానమై, రెండుసార్లు ఎగుడుదిగుడైందని తేల్చారు. మన కొండకూ అదే సూత్రం. గ్రానైటు ముందు. అది అరిగి చదునయ్యాక నీరు చేరి ఇసుక పరిచింది; ఆ ఇసుకే క్వార్ట్‌జైటు. అయితే స్టెనో తన కాలపువారందరిలాగే భూమి వయస్సు కొద్ది వేల ఏళ్లే అనుకున్నారు. ఆయన సూత్రమే ఆయన లెక్కను దాటిపోయింది. ఇందులో మనం దాచవలసినదేమీ లేదు.

లివోర్నోలో చూసిన దివ్యసత్ప్రసాద ఊరేగింపు ఆయన మనసును కదిలించింది. 1667లో కతోలిక శ్రీసభలో చేరారు. 1675లో గురువు, 1677లో మేత్రాణి అయ్యారు. శాస్త్రం వెనుకబడింది. అది లోకానికి నష్టమే, కాదనను. కాని రాతిని చూసి ఉన్నదున్నట్టు చెప్పిన మనిషి శ్రీసభలోనూ అలాగే ఉన్నారు. మున్‌స్టర్ మేత్రాణి ఎన్నికలో డబ్బు చేతులు మారిందని నిరసించి, 1683లో అక్కడి పదవి వదలి హాంబర్గుకు వెళ్లిపోయారు. బీదలకోసం తన ఉంగరాన్నీ సిలువనూ కూడా అమ్మివేశారు.

1686 డిసెంబరు 5న జర్మనీలోని ష్వెరిన్‌లో, 48వ ఏట కన్నుమూశారు. భౌతికకాయం ఫ్లోరెన్సులోని సాన్ లొరెంజో దేవాలయంలో ఉంది. 1988 అక్టోబరు 23న పునీత రెండవ జాన్ పాల్ పోపుగారు ఆయనను ధన్యునిగా ప్రకటించారు.