ఫ్రాన్సిస్ వైట్ ఎల్లిస్

ఫ్రాన్సిస్ వైట్ ఎల్లిస్ (1777 - 1819) ఈస్టిండియా కంపెనీలో పనిచేసిన ఆంగ్లేయ అధికారి, భాషా పరిశోధకుడు. తెలుగు, తమిళము, కన్నడము మొదలైన దక్షిణ భారత భాషలు సంస్కృతము నుండి పుట్టినవి కావని, అవన్నీ ఒకే కుటుంబమునకు చెందినవని 1816లో ఆధారాలతో ప్రకటించాడు. రాబర్ట్ కాల్డ్వెల్ ద్రావిడ భాషల తులనాత్మక వ్యాకరణము వెలువడినది ఆ తరువాత నలభై ఏళ్ళకు, 1856లో.

ఉద్యోగము

ఎల్లిస్ 1796లో కంపెనీ కొలువులో చేరి మద్రాసుకు వచ్చాడు. 1806లో మచిలీపట్నములో జిల్లా న్యాయాధికారిగా నియమితుడయ్యాడు. 1810లో మద్రాసు కలెక్టరు అయి, మరణించేవరకు ఆ పదవిలో ఉన్నాడు. తమిళము, తెలుగు, సంస్కృతము నేర్చుకొని, తిరుక్కురళ్‌లో కొంత భాగాన్ని వ్యాఖ్యతో ఆంగ్లములోకి అనువదించాడు.

ఫోర్టు సెయింట్ జార్జి కళాశాల

కొత్తగా వచ్చే ఆంగ్లేయ ఉద్యోగులకు దేశభాషలు నేర్పడానికి 1812లో మద్రాసులో ఫోర్టు సెయింట్ జార్జి కళాశాల ఏర్పడింది. దాని స్థాపనలోను, నిర్వహణలోను ఎల్లిస్ ప్రధాన పాత్ర వహించాడు. కళాశాలకు సొంత ముద్రణాలయము ఉండేది. సంస్కృతాంధ్ర పండితుడు పట్టాభిరామశాస్త్రి, ఆంగ్లోపాధ్యాయుడు ఉదయగిరి వెంకటనారాయణయ్య ఇక్కడ పనిచేశారు.

భాషా కుటుంబ నిరూపణ

తెలుగు సంస్కృత జన్యమనే అభిప్రాయము అప్పటి పాశ్చాత్య పండితులలో ప్రబలంగా ఉండేది. 1814లో వెలువడిన విలియం కేరీ తెలుగు వ్యాకరణము కూడా దానినే బలపరచింది. దీనిని ఖండించడానికి ఎల్లిస్ పట్టాభిరామశాస్త్రి కూర్చిన తెలుగు ధాతుమాలను ఉపయోగించుకున్నాడు. మొదట తెలుగు ధాతువులను సంస్కృత ధాతువులతో పోల్చి, వాటికి పొంతన లేదని చూపాడు. పిమ్మట తెలుగు, తమిళ, కన్నడ ధాతువులను పక్కపక్కనే ఉంచి వాటి సామ్యమును చూపాడు. తరువాత పదజాలమును, వాక్య నిర్మాణమును కూడా ఇదే విధంగా పరిశీలించాడు. పద విభాగమునకు మచిలీపట్నవాసి మామిడి వెంకయ్య రచించిన ఆంధ్రదీపిక పీఠిక ఆధారమైంది. తత్సమ, తద్భవములు ఎన్ని చేరినా దేశ్యపదాలే భాషకు మూలమని ఎల్లిస్ వాదము. ఉదాహరణకు తెలుగు కన్ను తమిళములో కణ్, కన్నడములో కణ్ణు, సంస్కృతములో అక్షి. మలయాళము, తుళు, కొడగు భాషలనే కాక రాజమహల్ కొండల మాల్తో భాషను కూడా ఆయన ఈ కుటుంబముతో సంబంధము గలదిగా గుర్తించాడు.

ప్రచురణ

ఈ పరిశోధన విడి గ్రంథముగా రాలేదు. 1816లో కళాశాల ముద్రణాలయము ప్రచురించిన అలెగ్జాండర్ డంకన్ క్యాంబెల్ తెలుగు వ్యాకరణములో, ఉపోద్ఘాతమునకు చేర్చిన గమనికగా మాత్రమే అచ్చయింది. తెలుగు నేర్చుకునే ఉద్యోగుల చేతికి వెళ్ళే పాఠ్యపుస్తకము కావడంతో, ఐరోపాలోని భాషా పండితుల దృష్టికి అది అంతగా రాలేదు.

మరణము

నలభై ఏళ్ళు నిండేవరకు పెద్ద గ్రంథమేదీ ప్రకటించరాదని ఎల్లిస్ నిశ్చయించుకున్నాడని వాల్టర్ ఇలియట్ తెలిపాడు. ఆ వయసు దాటిన కొద్దికాలానికే, 1819 మార్చిలో, రామనాథపురములో పొరపాటున విషపదార్థము సేవించి మరణించాడు. ఆయన రాతప్రతులలో అధిక భాగము వంటవాడు పొయ్యి రాజేయడానికి వాడగా నశించిందని ఇలియట్ వలననే తెలుస్తున్నది. మిగిలిన కొన్ని ప్రతులు ఇలియట్ నుండి జి.యు.పోప్‌కు, ఆయన ద్వారా ఆక్స్‌ఫర్డులోని బోడ్లియన్ గ్రంథాలయమునకు చేరాయి.

గుర్తింపు

ద్రావిడ భాషా కుటుంబమును కనుగొన్న కీర్తి చాలాకాలము కాల్డ్వెల్‌కే దక్కింది. విస్తృతమైన శాస్త్రీయ వ్యాకరణము కాల్డ్వెల్‌దే అయినా, కుటుంబ నిరూపణ అంతకుముందే జరిగింది. 2006లో థామస్ ట్రౌట్‌మన్ రచించిన లాంగ్వేజెస్ అండ్ నేషన్స్ అనే గ్రంథము ఎల్లిస్ కృషిని సవిస్తరంగా వెలుగులోకి తెచ్చింది. ఈ నిరూపణ ఒక్కరి కృషి కాదని, పట్టాభిరామశాస్త్రి, మామిడి వెంకయ్య వంటి తెలుగు పండితుల పాండిత్యము దానికి పునాది అని ఆ గ్రంథము వివరించింది.