మాటను తూచిన మనీషి: హార్వీ ఫ్లెచర్

శబ్దం వినబడడం వేరు, మాట తెలియడం వేరు. వినికిడి తగ్గిన పెద్దలు పెళ్ళిపందిరిలో మేళం మోగుతుండగా ఎదుటివారి పెదవుల వంక చూచి ఊరకే తల ఊపడం మనమందరం ఎరిగినదే. ఇంట్లో నిశ్శబ్దంగా ఉన్నప్పుడు వారితో సంభాషణ చక్కగా సాగుతుంది. నలుగురు చేరి సందడి కాగానే వారు మౌనం వహిస్తారు. ఈ భేదాన్ని ఊహకు వదలిపెట్టక లెక్కకు తెచ్చిన శాస్త్రానికి పునాది వేసినవారిలో అగ్రగణ్యుడు హార్వీ ఫ్లెచర్. ఆయన వైద్యుడు కాడు, భౌతికశాస్త్రజ్ఞుడు.

ఫ్లెచర్ 1884 సెప్టెంబరు 11వ తేదీన అమెరికాలోని యూటా రాష్ట్రంలో, ప్రోవో పట్టణంలో జన్మించాడు. ఉన్నత విద్యకై షికాగో విశ్వవిద్యాలయం చేరి రాబర్ట్ మిల్లికన్ వద్ద పరిశోధక విద్యార్థి అయ్యాడు. ఎలక్ట్రాన్ విద్యుదావేశాన్ని కొలిచిన ప్రసిద్ధమైన నూనెబిందువుల ప్రయోగంలో గురుశిష్యులిరువురూ పాలుపంచుకున్నారు. అయితే 1910లో వెలువడిన ముఖ్య పరిశోధన పత్రం మీద గురువు పేరొక్కటే నిలిచింది; బ్రౌనియన్ చలనాన్ని గురించిన పత్రం శిష్యుని పేరొక్కటితో వెలువడి, 1911లో అతని డాక్టరేటుకు ఆధారమయింది. 1923లో నోబెల్ బహుమానం మిల్లికన్‌ను వరించింది. ఫ్లెచర్ నిరుత్సాహపడిన మాట నిజమేగాని, జీవించినంతకాలం గురువును బహిరంగంగా ఆక్షేపించలేదు. ఆ ప్రయోగంలో తన పాత్రను వ్రాసిపెట్టి, మరణానంతరమే ప్రచురించవలసిందిగా మిత్రునికి అప్పగించాడు. అది 1982లో వెలుగు చూచింది. ఇట్టి నిగ్రహం విద్యావంతులలోనూ అరుదు.

కొంతకాలం స్వస్థలంలో అధ్యాపకత్వం నెరపి, 1916లో ఆయన న్యూయార్క్‌లోని వెస్టర్న్ ఎలక్ట్రిక్ సంస్థలో చేరాడు. ఆ పరిశోధన విభాగమే 1925లో బెల్ ప్రయోగశాలలుగా రూపొందింది. అప్పటికి టెలిఫోను వ్యాపారులను వేధిస్తున్న ప్రశ్న ఒకటి ఉన్నది. ఒక తీగ మంచిదా, చెడ్డదా అని నిర్ణయించడమెట్లు? శబ్దం బిగ్గరగా వచ్చినంత మాత్రాన మాట స్పష్టమయినట్లు కాదు గదా!

దీనికి ఆయన బృందం అవలంబించిన మార్గం వినడానికి అతి సామాన్యం. ఒక హల్లు, ఒక అచ్చు, మరల ఒక హల్లు కూర్చి అర్థంలేని చిన్న ధ్వనిఖండాల పట్టికలు తయారుచేశారు. ఒకరు టెలిఫోనులో వాటిని చదివేవారు. ఆవల కొందరు విని వ్రాసుకొనేవారు. నూటికి ఎన్ని సరిపోయినవో అదే ఆ తీగ యోగ్యత. అర్థంలేనివే ఎందుకు? అర్థమున్న వాక్యమయితే శ్రోత సగం విని తక్కిన సగం ఊహించుకొంటాడు. అప్పుడు మనం కొలిచేది తీగనా, అతని తెలివినా? ధ్వనిఖండాలు సగం తప్పిపోయినా వాక్యాలు చాలావరకు అర్థమవుతాయని ఈ పరీక్షలే తేల్చాయి.

మరొక విశేషం కూడా బయటపడింది. మాటలోని బలమంతా దాదాపు అచ్చులలో, తక్కువ పౌనఃపున్యాలలో ఉన్నది. కాని స్పష్టతకు ఆధారం మాత్రం స, ష, త, ఫ వంటి హల్లులు మోసే బలహీనమైన హెచ్చు పౌనఃపున్యాలు. వార్ధక్యంలో చెవి ముందుగా కోల్పోయేది వీటినే. కనుకనే, గొంతు వినబడుతున్నది గాని మాట తెలియడం లేదని వారు మొరపెట్టుకొంటే అది చాదస్తం కాదు, ఖచ్చితమైన వర్ణన.

1920ల తొలినాళ్ళలో ఆయన బృందం వినికిడిని కొలిచే ఆడియోమీటర్లను నిర్మించింది. తరువాత వచ్చిన ఒక యంత్రం గ్రామఫోను రికార్డు మీద క్రమంగా సన్నగిల్లే గొంతుతో అంకెలు చదివి వినిపించేది. నలభైమంది బడిపిల్లలు ఒక్కసారే విని వ్రాయవచ్చు. మందబుద్ధులని ముద్రపడి వెనుకబెంచీలో కూర్చున్న పిల్లలలో కొందరి లోపం బుద్ధిలో కాక చెవిలో ఉన్నదని కనుగొనడానికి అది సాధనమయింది. ఆయన రూపొందించిన ఎలక్ట్రానిక్ శ్రవణయంత్రాన్ని వాడిన తొలివారిలో థామస్ ఎడిసన్ ఒకడు.

రొద మాటను ఎట్లా కప్పివేస్తుందన్నది ఆయన చిరకాల చింతన. 1940లో ప్రకటించిన పరిశోధనలో, ఒక స్వరాన్ని దాని చుట్టుప్రక్కల పౌనఃపున్యాల రొద మాత్రమే కప్పగలదని, దూరపు రొద దాదాపు నిరపాయమని చూపాడు. ఆరోగ్యవంతమైన చెవి శబ్దాలను సన్నని జల్లెడలతో వేరుచేస్తుంది. లోపలి చెవి దెబ్బతిన్నప్పుడు ఆ జల్లెడల కన్నులు పెద్దవై రొద మాటతో కలిసిపోతుంది. శ్రవణయంత్రం రెంటినీ పెద్దవి చేయగలదేగాని పాడైన జల్లెడను బాగుచేయలేదు.

1949లో బెల్ ప్రయోగశాలల నుండి విరమించి, కొలంబియాలో బోధించి, చివరకు ప్రోవో చేరిన ఫ్లెచర్ 1981 జూలై 23న, 96వ ఏట కన్నుమూశాడు.

ఆయన పరీక్షలు తీగ కోసం పుట్టినవి. శ్రోతల చెవులు మంచివే. ఆ పద్ధతిని తలక్రిందులు చేసి, యంత్రాన్ని స్థిరంగా ఉంచి చెవిని పరీక్షించడం తరువాతివారి పని. రెండవ ప్రపంచయుద్ధంలో వినికిడి దెబ్బతిన్న సైనికుల కొరకు రేమండ్ కార్హార్ట్ అమెరికా సైనిక వైద్యశాలలో ఇందుకు పూనుకున్నాడు. నిశ్శబ్దపు గదిలో సమానంగా విన్న ఇద్దరు రోగులు రొదలో సమానులు కారని క్రమంగా రుజువయింది. 2004లో ప్రకటితమైన క్విక్‌సిన్ అనే పరీక్షలో, నలుగురు మాట్లాడే గలభాలో ఒక స్త్రీ ఆరు వాక్యాలు చదువుతుంది. ఒక్కొక్క వాక్యానికి గలభాపై మాటకున్న ఆధిక్యం 25 డెసిబెల్‌ల నుండి అయిదేసి చొప్పున సున్నకు దిగుతుంది. సామాన్య శ్రోతకు సుమారు 2 డెసిబెల్‌ల ఆధిక్యం ఉంటే సగం మాటలు అందుతాయి. లోపం గలవారిలో కొందరికి 10కి మించి కావాలి.

ఇక్కడ మన కళాశాల వంటి రెండు భాషల చోట గమనింపవలసినది ఒకటున్నది. ఇట్టి పట్టికలు అనువాదానికి లొంగవు. తెలుగు పదాలు చాలావరకు అచ్చుతో ముగుస్తాయి. ఉర్దూలో హల్లుతో ముగిసేవి కోకొల్లలు, ఖ, గ, జ లలో మనకు లేని ధ్వనులూ కలవు. ఇంట ఉర్దూ మాట్లాడే వృద్ధురాలిని తెలుగు పట్టికతో పరీక్షిస్తే, తప్పిన మాటలలో చెవి లోపమెంతో, భాష కొత్తదనమెంతో ఏ వైద్యుడూ విడదీయలేడు. ఏ భాషకు ఆ భాష ధ్వనులను లెక్కించి పట్టిక కట్టవలసిందే.