గుఱ్ఱపు మోము గంధర్వుడు

కవిసమ్రాట్ విశ్వనాథ సత్యనారాయణ 1895లో కృష్ణాజిల్లా నందమూరులో జన్మించినారు. బందరులో చెళ్ళపిళ్ళ వేంకటశాస్త్రి గారిని గురువుగా పొందినారు. పుట్టిన వంశం దైవదత్తం. ఈ గురువంశం వారు వరించినది. తనవంటి శిష్యుడు దొరకడం గురువుగారి భాగ్యమని చాటుకొన్న అభిమానధనులు వారు.

1934లో వారి ‘వేయిపడగలు’, అడవి బాపిరాజు గారి ‘నారాయణరావు’ ఆంధ్ర విశ్వకళా పరిషత్తు బహుమానాన్ని పంచుకొన్నవి. ఆ మహావృక్షం నీడలో మరుగుపడిన చిన్న నవల ‘హాహా హూహూ’.

హాహా, హూహూలు పురాణాలలోని గంధర్వులు. గజేంద్రుని పట్టిన మకరి పూర్వజన్మలో హూహూయే. అట్టి గంధర్వుడొకడు లండనులో ట్రఫాల్గర్ చౌకులో పడతాడు. గుఱ్ఱపు తల, మనిషి దేహం, రెక్కలు, పలుకు సంస్కృతం! నగరవాసులు బెదరి బోనులో పెడతారు; శాస్త్రజ్ఞులు పరీక్షలకు పూనుకొంటారు.

ఆంగ్ల రచయిత వెల్స్ 1898 నాటి నవలలో అంగారకవాసులు లండనును ధ్వంసం చేయవచ్చినవారు. విశ్వనాథ వారి అతిథి ఎవరికీ కీడు తలపెట్టడు, చిక్కినవాడు తానే. ముఖం చూచి మృగమన్నవారికి అతని భాషే అతని సంస్కారాన్ని తెలుపుతుంది. పరపాలనలో ఉన్న జాతి ఆత్మాభిమానం ఈ వినోదకథలో అంతర్వాహిని.

1970 సంవత్సరానికి ‘రామాయణ కల్పవృక్షం’ తెలుగుకు తొలి జ్ఞానపీఠం తెచ్చింది. 1976లో వారు అస్తమించినారు. లండను వారిని చూచి నవ్విన పాఠకుడు, తన తరగతిలో వేరు యాసతో మాట్లాడే బాలుని చూచి నవ్వకుండుటే ఈ నవలను చదివిన ఫలం.