విలియం రాక్స్‌బర్గ్

నిడదవోలులో రైలెక్కి తూర్పుగా పోవువారు కొవ్వూరు దాటి, గోదావరి వంతెనను గడచి, రాజమహేంద్రవరము మీదుగా సామర్లకోట చేరుదురు. సామర్లకోట యనగానే భీమేశ్వరాలయము జ్ఞప్తికి వచ్చును. కాని రెండు శతాబ్దములకు పూర్వము ఆ యూరిలో నొక విదేశీయుడు తోట వేసి, తెలుగునాటి చెట్టుచేమల గుణములను లోకమునకు తెలిపెనను సంగతి కొందరికే తెలియును. ఆ మహనీయుడే విలియం రాక్స్‌బర్గ్.

రాక్స్‌బర్గ్ 1751లో స్కాట్లండు దేశమున జన్మించెను. ఎడింబరో నగరమున వైద్యము చదువుచు, జాన్ హోప్ అను ఆచార్యుని కడ వృక్షశాస్త్రము నభ్యసించెను. ఆ కాలమున మందులలో పెక్కు మొక్కలనుండియే లభించుచుండెను. కావున వైద్యునకు మొక్కల పరిజ్ఞానము మిగుల నవసరము. ఆయన కొంతకాలము ఈస్టిండియా కంపెనీ ఓడలలో పనిచేసి, 1776లో చెన్నపట్టణమున కంపెనీ వైద్యోద్యోగమున ప్రవేశించెను. అచట ప్రతిదినము మూడుసార్లు వేడిమిని, వాయుభారమును కొలిచి వ్రాసికొనుచుండెడివాడు. దేనినైనను కొలిచి చూడక నమ్మకుండుట ఆయన స్వభావము.

1781లో ఆయన సామర్లకోట దండునకు వైద్యుడై వచ్చెను. రోగులను చూడగా మిగిలిన కాలమంతయు మొక్కలకే వినియోగించెను. అచట మిరియము, దాల్చినచెక్క, కాఫీ మొదలగువానిని పెంచి చూచెను. ఇచటి రైతులు చెరకు పండించు విధమును, బెల్లము వండు విధమును శ్రద్ధగా గమనించి వ్రాసెను. దేశీయులగు చిత్రకారులచే మొక్కల బొమ్మలు వ్రాయించెను. ప్రతి మొక్కకును తెలుగువారు పెట్టుకొన్న పేరును అడిగి తెలిసికొని, శాస్త్రనామము ప్రక్కన చేర్చెను.

1787లో తుపాను వలన ఉప్పెన వచ్చి కోరంగి తీరమును ముంచివేసెను. ఆ యుపద్రవమున రాక్స్‌బర్గ్ సేకరించిన మొక్కలును, పుస్తకములును, వ్రాతప్రతులును నశించెను. అన్యుడైనచో నిరాశచే ఆ పని మానియుండును. ఆయన మాత్రము మరల మొదటినుండి ప్రారంభించెను. కొన్ని యేండ్లకే ఉత్తర సర్కారులలో ఘోరమైన కరవు వచ్చెను. కాలువల గట్లపైనను, బీడుభూములందును కొబ్బరి, తాటి, పనస మున్నగు చెట్లు నాటినచో వానలు లేని యేటను ప్రజలకు తిండి దొరకునని ఆయన కంపెనీవారికి సలహా నిచ్చెను.

ఆయన దృష్టి నాకర్షించిన వృక్షములలో టేకు ముఖ్యమైనది. పోలవరమునకు ఎగువనున్న కొండలలో పెరిగిన టేకుదుంగలను తెప్పలుగా కట్టి గోదావరిలో దింపుచుండిరి. నరసాపురము, కోరంగి రేవులలో ఆ కలపతో ఓడలు కట్టుచుండిరి. టేకు తేలికగా చెక్కుడు పడును, అయినను బలమైనది. నీటికిని చెదలకును తట్టుకొనును. గోదావరి తీరపు టేకు తక్కినవానికంటె బరువై, పోగు దట్టమై, అందమైన చారలు గలదై యుండునని రాక్స్‌బర్గ్ గుర్తించెను.

అయితే నదికి దగ్గరనున్న పెద్దచెట్లు నానాటికి తరిగిపోవుచుండెను. ఒక టేకుచెట్టు ముదిరి ఓడకు పనికివచ్చుటకు మనుష్యుని ఆయుర్దాయమంత కాలము పట్టును. దానిని నరకుటకు ఒక పూట చాలును. కావున టేకును తోటలుగా నాటి పెంచవలెనను నాలోచన పుట్టెను. మనుష్యుడు నాటిన చెట్టు అడవిచెట్టువంటి బలమైన కలప నిచ్చునా యనునది అప్పటి ప్రశ్న.

1793లో రాక్స్‌బర్గ్ కలకత్తా సమీపమున శిబ్‌పూరులోని వృక్షోద్యానమునకు అధికారి యయ్యెను. దానిని 1787లో స్థాపించిన రాబర్ట్ కిడ్ అచట ఓడలకై టేకు పెంచుట కారంభించియుండెను. రాక్స్‌బర్గ్ ఆ మొక్కలను పోషించి, వాని చుట్టుకొలతలను తీసి వృద్ధిని పరిశీలించెను. జనుము మొదలగు నారలతో త్రాళ్లు పేనించి, వానికి బరువులు కట్టి తెగువరకు పరీక్షించెను. ఇట్టి కృషికి లండనులోని కళాసంఘము ఆయనకు బంగారు పతకము లొసగెను. ఆయన చేయించిన చిత్రములు రెండువేల ఐదువందలకు మించెను. కోరమాండల్ తీరపు మొక్కలను గూర్చి ఆయన రచించిన గ్రంథము మూడు సంపుటములుగా వెలువడెను. ఆరోగ్యము చెడి, 1813లో ఆయన భారతదేశమును విడిచెను. 1815లో ఎడింబరో నగరమున పరమపదించెను.

తాను పోషించిన టేకుచెట్ల ఫలితమును ఆయన చూడజాలకపోయెను. చెట్లు చూచుటకు ఏపుగా పెరిగినవి. కాని కొంతకాలమునకు వాని మొదళ్లు లోపల గుల్లవారెను. గంగానది ఒండ్రునేలలో నీరు నిలుచుటచే అచట ఓడకు తగిన టేకు పండదని తేలెను. 1820 ప్రాంతమున ఆ ప్రయత్నమును విరమించి, తోటలో కొంత భాగమును ఒక కళాశాల కిచ్చివేసిరి. కాని ఆ యత్నము వ్యర్థము కాలేదు. చెట్టు లావునకును కలప బలమునకును భేదము కలదని దానివలన తెలిసెను. 1840 తరువాత మలబారులోని నీలంబూరున, నీరు నిలువని నేలలో, కొనొలీ అను కలెక్టరును, ఆయన క్రింది యుద్యోగి చాతు మేనోనును నాటించిన టేకు చక్కగా ముదిరి ప్రఖ్యాతి గాంచెను.

ఆనాటి ప్రశ్నకు తరువాతి శాస్త్రజ్ఞులు మరింత స్పష్టమైన సమాధానము చెప్పిరి. త్వరగా పెరిగినంత మాత్రమున టేకు బలహీనము కాదు. కేరళలో చేసిన పరీక్షలలో ఇరువది యేండ్లు దాటిన తోటటేకు, ముదురు టేకునకు బలమున ఇంచుమించు సమానముగా నుండెను. కాని మిక్కిలి లేతచెట్టులో చేవ తక్కువ, బెరడు క్రింది తెల్లచెక్క ఎక్కువ. తెల్లచెక్కకు చెదలు త్వరగా పట్టును. కలపకు బలముతోపాటు నిలుకడయు కావలెను. ముదురు టేకు పచ్చిదనము పోయి పూర్తిగా ఆరినప్పుడు వలయముల వెంబడి నూటికి ఐదారు వంతులును, కేంద్రమునుండి బెరడు వైపు అందులో సగమును మాత్రమే కుదియును. కావుననే టేకు తలుపు వానకాలమున బిగిసిపోదు, వేసవిలో సందు లీయదు. లేతచెట్టు నడిమి చెక్క ఇంత నిలుకడ గలది కాదు. దానిని నీడను నెమ్మదిగా ఆరనీయక వాడినచో వంకరపోవును, బీటలు వారును.

నిడదవోలు ప్రాంతమున పొలముగట్లపై టేకు నాటు రైతులకు రాక్స్‌బర్గ్ కథ మిక్కిలి ఉపయోగకరము. డెల్టాలో నీరు నిలుచు పల్లమును విడిచి, మెరక చూచి నాటవలెను. కాండము లావైనంతనే గొడ్డలి యెత్తక చేవ పట్టువరకు వేచియుండవలెను. వైద్యుడుగా వచ్చిన రాక్స్‌బర్గ్ తాను అనుభవింపజాలని నీడకై చెట్లను పెంచెను. ఉప్పెనలో పోయినదానిని తలచి కుమిలిపోక, ముందున్న మొక్కను కొలిచెను. అట్టి ఓర్పే ఆయన జీవితమునకు చేవ.