రెండు కాపీలు

పోయిన సెమిస్టర్ సెలవుల్లో నేనో కథ మొదలెట్టాను. మాయాబజార్‌లో పెళ్లి పందిరి ఖాళీ అయ్యాక, హస్తినకి తిరిగి వెళ్లే దారిలో లక్ష్మణకుమారుడు ఏం ఆలోచించి ఉంటాడు అని. పదకొండు భాగాలు రాసి ఆన్‌లైన్‌లో పెట్టా. ఆరో భాగం దాకా చదివింది నా రూమ్మేట్ ఒక్కడే, అదీ నేను పక్కన కూర్చుంటేనే. ఏడో భాగానికి వాడికి ఇంటర్నల్స్ వచ్చాయి. రోజుకి ఇరవైసార్లు ఫోన్ తీసి చూసుకునేవాణ్ణి. కనీసం తిట్టినవాడు కూడా లేడు.

ఆ దిగుల్లో ఉండగా షార్లెట్ బ్రాంటే జీవితకథ చదివాను. జేన్ ఐర్ నవల రాసినావిడ అని తెలుసు గానీ, ఆవిడా మనలాగే ఫ్యాన్ ఫిక్షన్‌తో మొదలెట్టిందని తెలీదు.

1816లో ఇంగ్లండులోని యార్క్‌షైర్‌లో పుట్టింది. తండ్రి హావర్త్ అనే ఊళ్లో చర్చి పాస్టరు. ఐదేళ్లకి తల్లి పోయింది, తొమ్మిదేళ్లకి ఇద్దరక్కలూ పోయారు. 1826లో తండ్రి తమ్ముడు బ్రాన్‌వెల్ కోసం పన్నెండు చెక్క సిపాయిల్ని తెస్తే పిల్లలు తలా ఒకటి పంచుకున్నారు. షార్లెట్ తన బొమ్మకి డ్యూక్ ఆఫ్ వెల్లింగ్టన్ పేరు పెట్టింది. నెపోలియన్‌ని ఓడించిన హీరో, అప్పటికి ఆయనింకా బతికే ఉన్నాడు! ఆయన మీదా, ఆయన కొడుకుల మీదా ఏళ్ల తరబడి కథలల్లింది. అగ్గిపెట్టెంత పుస్తకాలు కుట్టి, కంటికి ఆనని అక్షరాలతో రాశారు. సైజు ఆ సిపాయిలు చదువుకోవడానికి సరిపోయేలా అన్నమాట. నిజం పాఠకులు మాత్రం ఇంట్లో నలుగురే: తను, బ్రాన్‌వెల్, చెల్లెళ్లు ఎమిలీ, ఆన్.

ఇరవయ్యేళ్లప్పుడు ఆస్థానకవి రాబర్ట్ సౌదీకి కవితలు పంపింది. 1837 మార్చిలో జవాబొచ్చింది. శక్తి ఉందని ఒప్పుకుంటూనే, సాహిత్యం ఆడవాళ్ల వృత్తి కాదని తేల్చేశాడాయన. ఆవిడ మర్యాదగా కృతజ్ఞతలు చెప్పి ఆ ఉత్తరం దాచుకుంది. రాయడం మానలేదు.

1846లో అక్కచెల్లెళ్లు ముగ్గురూ ఇంట్లోనే ఉండి పెంచిన పెద్దమ్మ, అంటే తల్లి అక్క, వదిలివెళ్లిన డబ్బు పెట్టి, కరర్, ఎలిస్, ఆక్టన్ బెల్ అనే మారుపేర్లతో కవితల పుస్తకం అచ్చేయించారు. ఏడాదికి అమ్ముడైనవి రెండు కాపీలు. రెండంటే రెండే. వార్విక్ ఊరి పాటల రచయిత ఒకాయన చదివి సంతకాలు కావాలని రాస్తే, ముగ్గురూ ఒక కాగితం ముక్క మీద చేసి పంపారు. ఆ రెండు కాపీల్లో ఒకటి ఆయనదే అనుకుంటే, స్పందన యాభై శాతం. నా లక్ష్మణకుమారుడికి అంత రేటు లేదు. షార్లెట్ అయితే వర్డ్స్‌వర్త్, టెన్నిసన్ లాంటివాళ్లకి కాపీలు పంపుతూ, అమ్ముడైనవి రెండేనని తనే చెప్పుకుని నవ్వుకుంది. మిగతావి పెట్టెల అడుగున పరిచే కాగితాలైపోయే ముందు కొన్ని పంచుదామనుకున్నదట.

ప్రొఫెసర్ అనే నవల ప్రచురణకర్త దగ్గర్నుంచి ప్రచురణకర్తకి తిరిగింది. పాత పేర్లు కొట్టేసి అదే రేపర్‌లో మళ్లీ పంపేది. ఎవరో ముందే వద్దన్నారని దాచే తెలివి కూడా లేదు పాపం! ఆఖరికి స్మిత్, ఎల్డర్ కంపెనీ కూడా వద్దంది. కానీ రెండు పేజీల ఉత్తరంలో ఏది బాగుందో, ఏది బాలేదో వివరంగా రాసి, మూడు సంపుటాల నవలుంటే చూస్తామన్నారు. అప్పటికే జేన్ ఐర్ పూర్తికావస్తోంది. 1847 ఆగస్టులో పంపింది, అక్టోబరులో వచ్చింది, జనవరిలో రెండో ముద్రణ.

ఇక్కడితో ఆపితే సక్సెస్ స్టోరీ. కానీ 1848 సెప్టెంబరులో బ్రాన్‌వెల్, డిసెంబరులో ఎమిలీ, మరుసటేడు మేలో ఆన్ పోయారు. రాత్రి తొమ్మిది దాటాక ముగ్గురూ భోజనాల బల్ల చుట్టూ తిరుగుతూ, రాసింది ఒకరికొకరు చదివి వినిపించుకునేవాళ్లు. దేశమంతా పాఠకులున్నా ఇప్పుడా గదిలో వినేవాళ్లు లేరు. షర్లీ నవల సగంలో ఉంది. దాన్ని పూర్తి చేసింది. రాత్రిళ్లు బల్ల చుట్టూ ఆవిడ ఒక్కతే తిరుగుతున్న అడుగుల చప్పుడు వంటింట్లో పనిమనిషికి వినిపించేదట. 1855 మార్చి 31న, ముప్పైతొమ్మిదో ఏడు నిండకుండానే పోయింది. ప్రొఫెసర్ అచ్చయింది 1857లో.

నిన్న రాత్రి పన్నెండో భాగం రాసి, రూమ్మేట్‌ని కూర్చోబెట్టి చదవబోయా. ఏడో భాగం నుంచి మొదలెట్టరా అన్నాడు వాడు.