కాలువ గట్టున క్రీస్తు మార్గము
(జాన్ ఎవరెట్ క్లౌ దొరగారి జీవితము)



యేసు ప్రభువును వెంబడించుట అనగానే మనకు ఆదివారపు ఆరాధన, ప్రభురాత్రి భోజనము, ఉపవాస కూటములు జ్ఞాపకము వస్తాయి. అవన్నీ కావలసినవే. అయితే మిగిలిన ఆరు దినములు పొలములో, మిల్లులో, ఆఫీసులో, అంగడిలో ఆయనను వెంబడించుట ఎట్లు? మన తెలుగు బాప్టిస్టు సంఘముల చరిత్రలో ఈ ప్రశ్నకు మంచి జవాబు ఒక కాలువ గట్టు మీద దొరుకుతుంది. ఒంగోలు పేరు తాతల నోట మాత్రమే విన్న మన పిల్లలకు ఈ జీవితము తెలియుట అవసరము.

జాన్ ఎవరెట్ క్లౌగారు 1836లో అమెరికా దేశములోని న్యూయార్కు రాష్ట్రములో జన్మించారు. బాల్యములోనే కుటుంబము పడమటి రాష్ట్రములకు తరలిపోయింది. యౌవనములో ఆయన సర్కారు సర్వేయర్లతో కలిసి అడవులలో గొలుసు పట్టి భూములు కొలిచే పని చేశారు. ప్లీడరు కావలెనని చదువు మొదలుపెట్టారు. ఆ చదువు నడుమనే ప్రభువు ఆయనను పట్టుకొన్నాడు. 1858లో బాప్తిస్మము పొందారు. దేవుడు మనిషి నేర్చుకొన్న ఏ పనినీ వృథా పోనివ్వడు. ఆ గొలుసు పట్టిన అనుభవము తరువాత ఎట్లు ఉపయోగపడిందో ముందు చూస్తాము.

ఆ రోజులలో మన తెలుగు మిషను చాలా బలహీనముగా ఉండేది. 1840లో శామ్యూల్ డే దొరగారు నెల్లూరులో పని ప్రారంభించినప్పటికీ, ఏండ్లు గడచినా ఫలము కొద్దిగానే కనిపించింది. మిషనును మూసివేయవలెనన్న ఆలోచన అమెరికాలో మరల మరల వచ్చింది. జ్యూయెట్ దొరగారు పట్టు విడువలేదు. ఆయనతో కూడ క్లౌగారు, వారి భార్య హారియెట్ అమ్మగారు 1864 నవంబరులో బోస్టను రేవున ఓడ ఎక్కి, 1865లో నెల్లూరు చేరారు. 1866లో క్లౌ దంపతులు ఒంగోలులో కాపురము పెట్టారు. 1867 జనవరి 1వ తేదీన ఎనిమిదిమంది సభ్యులతో ఒంగోలు సంఘము ఏర్పడింది.

ఇంతకు ముందే యర్రగుంట్ల పేరయ్యగారు అను తోళ్ల వర్తకుడు వారి యొద్దకు వచ్చారు. ఆయన మాదిగ కులస్థుడు. యోగమార్గములో దేవుని వెదకి, తృప్తి లేక తిరుగుతూ, ఉత్తరాదికి తోళ్ల వ్యాపారమునకు పోయినప్పుడు సువార్త విన్నవాడు. ఆయనా, ఆయన భార్య నాగమ్మగారూ 1866లో బాప్తిస్మము పొంది, తమ పల్లెకు వెళ్లి బంధువులకు సాక్ష్యమిచ్చారు. 1867 జనవరిలో క్లౌగారు ఆ ప్రాంతమునకు వెళ్లగా 28 మంది బాప్తిస్మము పొందారు.

అప్పుడు ఒక పరీక్ష వచ్చింది. ఒంగోలులో అగ్రకులముల పెద్దలు కొందరు మిషనుకు దగ్గరగా వస్తున్నారు, వారి పిల్లలు బడికి వస్తున్నారు. మాదిగవారిని చేర్చుకొంటే తాము రామని తెలియజేశారు. క్లౌగారు కలత చెంది, తన గదిలో బైబిలు తెరువగా మొదటి కొరింథీయులకు వ్రాసిన పత్రిక మొదటి అధ్యాయము చివరి భాగము కంటపడింది. లోకము నీచులని యెంచినవారిని దేవుడు ఏర్పరచుకొన్న సంగతి అందులో ఉన్నది. అదే సమయమున అమ్మగారు వేరొక గదిలో తెరచిన బైబిలులోనూ అదే భాగము వచ్చింది. ఇక సంశయము లేకపోయింది. అగ్రకులముల పిల్లలు బడి విడిచిపోయారు. పేదలు లోపలికి వచ్చారు.

చేరినవారికి మూడు నియమములు ముఖ్యముగా నేర్పారు. ఆదివారము పని చేయకూడదు. చచ్చిన పశువు మాంసము తినకూడదు. విగ్రహములకు మ్రొక్కకూడదు. వినుటకు ఇవి చిన్నవిగా తోచవచ్చును. కాని ఊరి జాతరలో డప్పు కొట్టుట, చచ్చిన గొడ్డును ఈడ్చుట, రైతు పిలిచిన దినమున పొలమునకు పోవుట ఆ దినములలో మాదిగవారికి విధించిన చాకిరి. ఈ నియమములను పాటించిన మనిషి ఊరి పెత్తనమును ఎదిరించినట్లే. అందుచేత బావి నీళ్లు ఆపారు, పని మాన్పించారు, దొంగ కేసులు పెట్టారు. మన పెద్దలకు శిష్యత్వమంటే తినే తిండి, చేసే పని, త్రాగే నీరు వీటికి సంబంధించిన విషయము. దానికి వెల చెల్లించే వారు విశ్వాసులయ్యారు.

1876 మొదలు 1878 వరకు గొప్ప కరవు వచ్చింది. ఆ సమయమున సర్కారువారు కరవు పనిగా బకింగ్‌హామ్ కాలువ త్రవ్విస్తున్నారు. ఆకలిగొన్న వారికి ధర్మముగా గింజలు పంచుట ఒక మార్గము. క్లౌగారు పని ఇచ్చే మార్గమును కూడ ఎంచుకొన్నారు. సర్వే తెలిసినవారు గనుక మూడున్నర మైళ్ల కాలువ కాంట్రాక్టు తీసుకొని, రాజుపాలెము వద్ద గుడిసెలు వేయించారు. వేలాదిమంది పలుగు, పార, తట్ట పట్టుకొని వచ్చారు. సువార్తికులే మేస్త్రీలయ్యారు. చేసిన పనికి కూలి ముట్టేది. కూలీలు అలసి కూర్చున్నప్పుడు ఆ మేస్త్రీలే వారి ప్రక్కన కూర్చుండి, ప్రయాసపడి భారము మోయుచున్నవారిని పిలిచే ప్రభువును గూర్చి చెప్పేవారు. తట్ట మోసి మోసి మెడలు నొచ్చినవారికి ఆ మాట వివరించవలసిన పని లేకపోయింది.

ఇక్కడ గమనించవలసిన సంగతి ఒకటి ఉన్నది. వందలాది మంది బాప్తిస్మము అడుగుచుండగా క్లౌగారు దాదాపు పదిహేను నెలలు ఒక్కరికైనా ఇవ్వలేదు. కూటి కొరకు మతము మారారన్న నింద వారి మీద పడకూడదు, ఆకలిగొన్నవాని అక్కరను సంఘము వాడుకొనకూడదు అని ఆయన తీర్మానము. 1878లో సహాయము ముగిసిన తరువాత కూడ జనులు వచ్చారు. తమకు డబ్బు వద్దనీ, కష్టపడి బ్రదికిన దానికి చేతుల మీది బొబ్బలే సాక్ష్యమనీ, పంట పోయి చనిపోవలసి వచ్చినా క్రైస్తవులుగా చనిపోవుదుమనీ వేడుకొన్నారు. ఇక ఆయన కాదనలేకపోయారు.

ఒంగోలుకు ఉత్తరముగా, గుండ్లకమ్మ ఒడ్డున ఉన్న వెల్లంపల్లి వద్ద జూలై 2వ తేదీన 614 మంది, 3వ తేదీన 2,222 మంది, 4వ తేదీన 700 మంది, వెరసి 3,536 మంది బాప్తిస్మము పొందారు. 3వ తేదీన అభిషేకము పొందిన ఆరుగురు తెలుగు బోధకులు ఇద్దరిద్దరుగా నీటిలో దిగి ఆ పని నెరవేర్చారు. ఇంతమందిని ఒకేసారి చేర్చుకొనుటను విమర్శించినవారు లేకపోలేదు. కాని ఆ 2,222 సంఖ్యను చెప్పుకొని సంతోషించే మనము, దాని వెనుక ఉన్న పదిహేను నెలల నిరీక్షణను తరచుగా మరచిపోతున్నాము.

హారియెట్ అమ్మగారు 1893లో మరణించారు. తరువాత ఎమ్మా రౌషెన్‌బుష్ అమ్మగారు ఆయనకు తోడై, ఆయన జీవిత గాథను గ్రంథస్థము చేశారు. క్లౌగారు 1910లో అమెరికాలోని రోచెస్టరు పట్టణములో ప్రభువునందు నిద్రించారు. ఆయన బ్రదికియుండగానే, 1903లో, నేటాలు చెరకు తోటలలో కూలికి పోయిన మన తెలుగు విశ్వాసుల కొరకు నెల్లూరు సీమ నుండి జాన్ రంగయ్యగారు కాపరిగా వెళ్లారు. బోధకుడు రాకముందే ఆ కూలీలు పరదేశములో విశ్వాసమును కాపాడుకొన్నారు. వలస వచ్చిన మనకు వారు దగ్గరి బంధువులవంటివారు.

మన సంగతి ఆలోచించుదము. పని వెదకుకొంటూ ఈ రాష్ట్రములకు వచ్చినవారి మనుమలము మనము. నేడు మనలో కాంట్రాక్టర్లున్నారు, ఆఫీసర్లున్నారు, ఇంట పనిమనిషిని పెట్టుకొన్నవారున్నారు. పని చేసిన వానికి కూలి సరిగా, సకాలమున ముట్టుచున్నదా? నిన్న మొన్న స్వస్థలము నుండి వచ్చిన కూలి కుటుంబము మన మందిరములో ఎక్కడ కూర్చుంటున్నది? కష్టములో ఉన్నవారికి సహాయము చేసినప్పుడు ప్రతిఫలముగా ఏమైనా ఆశించుచున్నామా? కాలువ గట్టున మన పెద్దలు నేర్చుకొన్న పాఠము ఇదే. సభ్యత్వపు రిజిస్టరులో పేరుండుట మనకు వారసత్వముగా వచ్చినది. వెంబడించుట మాత్రము ప్రతి తరము తానే, ప్రతి సోమవారము ఉదయము, మరల మొదలుపెట్టవలసినది.

అట్టి కృపను ప్రభువు మన సంఘములన్నిటికిని దయచేయును గాక. ఆమేన్.